ఒకటిన్నర మెట్టు కింద

ఓడలు కట్టడం మానేసిన షెడ్డులో
ఇప్పుడు పాటలు కడుతున్నారు.
గ్దాన్‌స్క్‌లో నవంబరు. బయట వానా కాదు, మంచూ కాదు,
ఎటూ తేల్చుకోలేని తడి.
కోటు అప్పగిస్తే ఇత్తడి బిళ్ళ చేతిలో పెట్టారు,
నాలుగొందల పన్నెండు.

తొంభై ఒకటిలో, సోపోత్ విద్యార్థుల క్లబ్బులో
ఇదే గుంపు. అప్పుడు తలల మీద జుట్టుండేది.
'మూడో క్రేన్' అంటే మాకు నలుగురు మనుషులు కాదు,
సోమవారం దాకా బతకడానికి ఒక సాకు.
ఆ రాత్రి స్పీకరుకి చెవి ఆనించి నిలబడ్డాను.
అప్పట్నుంచి ఎడమ చెవిలో సన్నని మోత,
ముప్పై రెండేళ్ళుగా బయటికి దారి దొరకని జోరీగ.
ఇప్పుడు నా ఉద్యోగం
వినికిడి తగ్గినవాళ్ళకి మిషన్లు అమర్చడం.
నవ్వకండి.
పెద్ద చప్పుడుంటే చెవుల్లో దూది పెట్టుకోమని
రోజుకి పదిమందికి చెప్తాను.
దూది జేబులోనే ఉంది.

లెషెక్ వచ్చాడు. ముందు పొట్ట వచ్చింది, వెనక లెషెక్.
బోగ్దాన్ అటు చివర్నుంచి వచ్చాడు
మెడ పట్టేసినవాడిలా ఇటు తిరక్కుండా.
ఎందుకు విడిపోయారో ఎవరికీ సరిగ్గా తెలీదు.
వ్యాను గురించి అంటారు, అప్పు గురించి అంటారు,
క్యాసెట్టు అట్ట మీద ఎవరి పేరు ముందుండాలో
దాని గురించే అంటాడు నా పక్కనున్న చెజారి.
ఈ చెజారి ఎవరో నాకు తెలీదు. బీరు పట్టుకోమని ఇచ్చి
తన పేరు చెప్పాడు.

మొదటి పాట అందుకోగానే పట్టేశాను,
ఒకటిన్నర మెట్టు కిందికి దించేశారు.
రోజంతా శ్రుతులు కొలిచే చెవి, మోసపోవడం చేతకాదు.
సిగ్గేసింది,
వాళ్ళని చూసి కాదు,
డబ్బిచ్చి టిక్కెట్టు కొనుక్కుని
తప్పులు లెక్కపెడుతున్న నన్ను చూసి.

అందరూ కాచుకుని ఉన్న ఆ కేక దగ్గర
లెషెక్ తెలివిగా మైకు మావైపు తిప్పాడు.
నాలుగు వేల గొంతులు
నాలుగు వేల చోట్ల పగిలాయి.
ఇంత అందమైన అపస్వరం
నా మిషన్లేవీ పట్టలేవు.

తర్వాత రెండు కొత్త పాటలు.
ఆ రెండింటికీ బీరు లైను బాగా పొడుగైంది.

ఆరో పాటలో బోగ్దాన్ తీగ తెగింది.
మార్చి ఇవ్వాల్సిన కుర్రాడు ఎక్కడో సిగరెట్టు మీదున్నాడు.
అతనే కూర్చున్నాడు స్టేజీ అంచున,
కొత్త తీగ కొసని రంధ్రం చుట్టూ తిప్పుతూ,
గుచ్చలేక, చొక్కా జేబు తడుముకుంటూ.
కళ్ళజోడు లోపలెక్కడో ఉండిపోయినట్టుంది.
డ్రమ్ముల హెన్రిక్ ఊరికే పళ్ళెం గీకుతున్నాడు.

అప్పుడు లెషెక్ కదిలాడు. పది అడుగులుంటాయేమో.
ముప్పై రెండేళ్ళకి పది అడుగులు.
మెడలో వేలాడుతున్న కళ్ళజోడు తీసి
మాట్లాడకుండా అతని ముక్కు మీద పెట్టాడు.
మాట్లాడకుండా కాదు,
మైకు లేకుండా ఏదో అన్నాడు.
పెదాలు చదవడం నా వృత్తి నేర్పిన దొంగబుద్ధి:
"జాగ్రత్త, ఇవి మా ఆవిడవి."
బోగ్దాన్ ఏమన్నాడో, వీపు మావైపుంది.
భుజాలు మాత్రం ఒకసారి ఎగిరిపడ్డాయి.
నవ్వో, దగ్గో.

"ఏమన్నాడు?" చెజారి అడిగాడు.
తెలీదన్నాను.
ఆ ఒక్క వాక్యం ఎవరితోనూ పంచుకోబుద్ధి కాలేదు.

కావలించుకోలేదు. చివర్లో చేతులు కలిపి వంగనూ లేదు.
ఎవరి తలుపులోంచి వాళ్ళు వెళ్ళిపోయారు.
కాకపోతే ఆ ఆడవాళ్ళ కళ్ళజోడు
ఆఖరి పాట దాకా బోగ్దాన్ ముఖం మీదే ఉంది,
దాంతోటే వెళ్ళిపోయాడు.

ట్రాము రెండు స్టాపులు దాటి, చలి పట్టాక గానీ
కోటు మరిచిన సంగతి తెలీలేదు.
పిడికిట్లో ఇత్తడి బిళ్ళ వెచ్చగా ఉంది.
కుడి చెవిలో కూడా మోత మొదలైంది, కొత్తది.
తల కిటికీ అద్దానికి ఆనించి
రెండింటినీ పక్కపక్కన పెట్టి విన్నాను.
ఎడమది ఇంకా తొంభై ఒకటిలోనే ఉంది,
ఒక్క పిసరు కూడా దిగలేదు.
కుడిది
ఒకటిన్నర మెట్టు కింద.